చిరునామా పరీక్ష: నంద్యాల సీమలో తపాలా నుండి ఈ-మెయిలు వరకు

నల్లమల, ఎఱ్ఱమల కొండల నడుమ కుందూనది పారు నల్లరేగడి సీమయందు నంద్యాల, ఆళ్లగడ్డ పట్టణములు రెండును పేరుగన్నవి. నేడీ పట్టణములలో ఏ బజారున నడచినను నెట్ సెంటరు బోర్డులు కానవచ్చును. ఉద్యోగపు దరఖాస్తునకో, కళాశాలలో సీటునకో, రైలు టిక్కెట్టునకో జనులచ్చటికి పోవుదురు. సెంటరువాడు పేరడుగును, ఊరడుగును, ఫోను నంబరడుగును, తుదకు “మెయిల్ ఐడీ చెప్పు” అనును. చెప్పినదానిని అతడు ఫారములోని గడిలో కొట్టగానే ఒక్కొక్కసారి ఆ గడి చుట్టును ఎఱ్ఱగీత పడి, ఈ చిరునామా చెల్లదను తీర్పు తెరమీద ప్రత్యక్షమగును. ఉత్తరమింకను పుట్టలేదు, మోయువాడు బయలుదేరలేదు, గమ్యమునందలివారిని ఎవరును విచారింపలేదు, అయినను తీర్పు వెలువడినది. చిరునామాను ఇట్లు గడప దాటకముందే విచారించి కొట్టివేయుట మన సీమలో మిక్కిలి అర్వాచీనమైన ఆచారము. దీనికి పూర్వమున్న పరీక్షాపద్ధతి మెల్లనిదైనను, ఇంతకంటె తెలివిగలదని నా అభిప్రాయము.

అంకెలు ప్రబలకపూర్వము స్థలమును గుర్తించుటకు మన పెద్దలకున్న సాధనము ఎల్లలు. దానశాసనములయందు భూమిని చెప్పునప్పుడు తూర్పున ఏరు, దక్షిణమున పుట్ట, పడమట మఱ్ఱి, ఉత్తరమున ఫలాని గ్రామపు పొలిమేర అని నాలుగు దిక్కులను పేర్కొనుట పరిపాటి. సబ్ రిజిస్ట్రారు కచ్చేరీలో నేటికిని క్రయపు దస్తావేజునందు సర్వే నంబరు వ్రాసిన పిదప ‘చెక్కుబందీ’ అని వేఱుగా శీర్షికపెట్టి, ఏ దిక్కున ఎవరి పొలమున్నదో వ్రాయుదురు. నంబరు మాత్రమే వ్రాసి చెక్కుబందీ విడిచిన పత్రమును అనుభవజ్ఞుడైన దస్తావేజు లేఖరి ఒప్పుకొనడు. చెక్కుబందీలో అక్షరదోషములుండవచ్చును, పొరుగువాని పేరు మాఱియుండవచ్చును, మఱ్ఱి కూలియుండవచ్చును. అది సత్యమో కాదో తేల్చువాడు వ్రాతను చూచి తేల్చలేడు, పొలము గట్టుమీదికి పోవలసినదే. గ్రామాధికార పదవులు 1984లో రద్దగువఱకు ఆ పని కరణముది. ఆయన లెక్కలలో వంకరలుండవచ్చునుగాని, ఫలాని పొలమెక్కడ అని అడిగినవానికి వ్రాత సరిగా లేదని చెప్పి పంపివేసిన కరణమును గూర్చి మాత్రము నేను విని యెఱుగను.

ఈ సీమ రాజకీయముగా ముక్కలై ఉండిన కాలమునందే ఆధునికమైన తపాలా వచ్చెను. కోయిలకుంట్ల ప్రాంతము 1800 నాటి సంధివలన నైజాము కుంపినీవారికి విడిచిన దత్తమండలములలో చేరెను. నంద్యాల, శిరివెళ్ల తాలూకాలు కర్నూలు నవాబు ఏలుబడిలో నుండి 1839లో కుంపినీ వశమయ్యెను. 1858లో ఇవియు మఱికొన్ని తాలూకాలును కలిసి కర్నూలు జిల్లా ఏర్పడెను. ఇంతలో 1837 నాటి చట్టము ఉత్తరములు మోయు ఏకాధికారమును ప్రభుత్వమునకిచ్చెను. 1854 నాటి చట్టముతో దేశమంతటికిని ఒకే రేటు ఏర్పడి, దూరముతో నిమిత్తము లేకుండ పావుతులము మించని ఉత్తరము అర్ధణాకు పోసాగెను. 1879లో పావు అణా కార్డు వచ్చి సామాన్యుని చేతికి కలము నందించెను. అప్పటినుండి పైవిలాసము వ్రాయుట ఒక కళయైనది. మ.రా.రా.శ్రీ అని మొదలుపెట్టి, ఫలానివారి కుమారులు ఫలానివారికి అని వ్రాసి, గ్రామము పేరు, దానిక్రింద ‘వయా ఆళ్లగడ్డ’, దానిక్రింద ‘శిరివెళ్ల తాలూకా, కర్నూలు జిల్లా’ అని ముగించెడి ఆ వ్రాతలో, వాస్తవముగా ఉత్తరమునకు దారి చూపునవి క్రింది రెండు పంక్తులే. పైనున్నదంతయు ఆ యూరి బ్రాంచి పోస్టుమాస్టరునకు మాత్రమే అర్థమగు భాష. పెద్దింటివారనగా ఎవరో, బావివీధి యనగా ఏదియో కర్నూలులో ఉత్తరములను విడదీయు గుమాస్తాకు తెలియదు, తెలియనక్కరయు లేదు; అతడు ఆళ్లగడ్డ సంచిలో వేసిన చాలును.

ఈ శ్రమవిభజనయే తపాలా వివేకము. డబ్బాలో ఉత్తరము వేయునప్పుడు పైవిలాసమును ఎవరును పరీక్షింపరు. స్టాంపు ఉన్నదా, తూకము సరిపోయినదా అనునంతవఱకే వారి విచారణ. స్టాంపు లేకున్నను ఉత్తరము ఆగదు, అందుకొనువానియొద్ద రెట్టింపు రుసుము వసూలు చేయుదురు. పరీక్ష జరుగునది గమ్యమునందు. అక్కడ దొరకనిచో పోస్టుమాను ఆ కవరుమీద కారణము వ్రాయవలెను: అట్టివారు లేరు, ఊరు విడిచిపోయిరి, తీసికొనుటకు నిరాకరించిరి, విలాసము చాలదు, తలుపు తాళము వేసియున్నది. ఇవి యన్నియు ఒకటి కావు. తాళము వేసియున్న ఇంటికి మఱునాడు మరల పోవలెను. ఊరు విడిచినవానికి క్రొత్త విలాసము తెలిసినచో అచ్చటికి పంపవలెను. అట్టివారు లేరన్నప్పుడు మాత్రమే ఉత్తరము వెనుకకు మరలును. పంపినవాని విలాసమును లేనిచో అది రిటర్న్‌డ్ లెటర్ ఆఫీసునకు పోవును. అందలి ఉద్యోగులకు కవరు విప్పి చూచు అధికారమున్నది. అక్షరములు కుదురుగా లేవను కారణముచేత ఉత్తరమును డబ్బానోటనే నిరాకరించు ఏర్పాటు తపాలావారికి స్వప్నమందైనను తోచలేదు.

తప్పక చేరినదని నిశ్చయము కావలసినవారికి వేఱొక మార్గముండెను. రిజిస్టరు చేసి, అక్నాలెడ్జిమెంటు కార్డు జతపఱచిన, అందుకొన్నవాని సంతకముతో ఆ కార్డు తిరిగివచ్చును. కోర్టు నోటీసులు, భూతగాదాల పత్రములు ఈ మార్గముననే పోయెడివి. వ్యాజ్యములకు పేరుపడిన మన సీమలో ఆ కార్డు విలువ వకీళ్లకు బాగుగా తెలియును. 1880లో తపాలావారు చేపట్టిన మనియార్డరు ఇంకను ఒక అడుగు ముందుకు వేసినది. సంతకము రానివాడు వ్రేలిముద్ర వేయవలెను, సాక్షి యుండవలెను. చిరునామా సత్యమని చెప్పుటకు అందుకొన్నవాని హస్తాక్షరముకంటె బలమైన ప్రమాణము లేదని ఈ యేర్పాటులన్నిటి తాత్పర్యము. రిజిస్టరు పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపివేసిరి.

విలాసపు తోక మాత్రము ఈ సీమలో నిలుకడగా ఉండలేదు. మద్రాసు రాష్ట్రము అని వ్రాయుచుండినవారు 1953 అక్టోబరు 1 నుండి ఆంధ్రరాష్ట్రమని వ్రాసిరి. అప్పుడు జిల్లాకేంద్రమైన కర్నూలే రాజధాని. 1956 నవంబరు 1 నుండి ఆంధ్రప్రదేశ్ అయ్యెను. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. 2022 ఏప్రిల్ 4న నంద్యాలయే జిల్లాకేంద్రమై, ఆళ్లగడ్డ, అహోబిలము, శ్రీశైలము దాని పరిధిలో చేరినవి. ఇల్లు కదలలేదు, గడప మాఱలేదు; అయినను తాతకు వచ్చిన కార్డుమీది విలాసమును మనుమనికి వచ్చిన బ్యాంకు కవరుమీది విలాసమును ప్రక్క ప్రక్కన పెట్టిచూచిన, ఊరి పేరు తప్ప వేఱేదియు కలియదు. క్రొత్త జిల్లా ఏర్పడిన పిదప కొన్ని ఫారములలో జిల్లాల జాబితాను మార్చువారు లేక, నంద్యాలవాడు చాలకాలము తాను కర్నూలువాడనని ఒప్పుకొనక తప్పలేదు. ఇది యంత్రము మనిషిచేత ఆడించిన చిన్న అబద్ధము.

ఈ మార్పుల నడుమ వచ్చి, అటుపిమ్మట చలింపక నిలిచినది పిన్‌కోడు. ఒకే పేరుగల ఊళ్లు అనేకములుండుట, విలాసములు అనేక లిపులలో వ్రాయబడుట చూచి, కేంద్ర ప్రభుత్వ కమ్యూనికేషన్ల శాఖలో ఉన్నతోద్యోగియు సంస్కృతకవియు అయిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ దీనిని రూపొందింపగా, 1972 ఆగస్టు 15న అది ఆచరణలోనికి వచ్చెను. నంద్యాల 518501, ఆళ్లగడ్డ 518543. మొదటి అంకె తపాలా మండలమును, మొదటి మూడంకెలు విభజనజిల్లాను, కడపటి మూడు బట్వాడాచేయు కార్యాలయమును తెలుపును. కడపటి మూడంకెల తరువాత మరల మనిషియే దిక్కు. పోస్టుమాను గుర్తింపవలసిన పనిని వేలంకర్ అంకెలకు అప్పగింపలేదు.

సముద్రముల కావల 1971లో రే టామ్లిన్‌సన్ అను ఇంజనీరు ఒక కంప్యూటరునుండి మఱొకదానికి లేఖ పంపుచు, వాడుకరి పేరునకును యంత్రము పేరునకును నడుమ ‘యాట్’ గుర్తును నిలిపెను. ఆ గుర్తునకు కుడివైపున ఉన్నది ఊరు, ఎడమవైపున ఉన్నది మనిషి. 1982లో డేవిడ్ క్రాకర్ లేఖల ఆకృతిని, జాన్ పోస్టెల్ వాని రవాణాను నిర్ణయించు నియమములు ప్రకటించిరి. 1986లో ఏ డొమైనునకు వచ్చు ఉత్తరములను ఏ సర్వరు అందుకొనునో తెలుపు పద్దు డొమైన్ల పట్టీలో చేరెను. నా దృష్టిలో ఇది మన ‘వయా ఆళ్లగడ్డ’ పంక్తియే. ఈ నియమావళిలో అతిముఖ్యమైన వాక్యము ఫారములు తయారుచేయువారిలో పెక్కుమంది చదువనిది: యాట్ గుర్తునకు ఎడమవైపు భాగమునకు అర్థము చెప్పు అధికారము గమ్యమునందలి సర్వరునకే గలదు, త్రోవలో నున్న మఱెవ్వరికిని లేదు. పెద్దింటివారెవరో తేల్చుట ఆ యూరి పోస్టుమాస్టరు పనియే యని కంప్యూటరు శాస్త్రజ్ఞులును నిర్ణయించిరన్నమాట. జీమెయిలువారు పేరులోని చుక్కలను లెక్కింపరు, వేఱొకరు లెక్కింతురు, పెద్దబడి అక్షరము చిన్నబడి అక్షరము వేఱని చెప్పు స్వాతంత్ర్యమును నియమము ప్రకారము సర్వరునకు ఉన్నది.

ఆ ఎడమభాగము 64 బైట్లకు మించరాదు. అందు చుక్క మొదటను తుదను ఉండరాదు, రెండు చుక్కలు వెంటవెంట రారాదు. అయితే జంట కొటేషను గుర్తుల నడుమ వ్రాసినచో ఖాళీస్థలము సహితము చెల్లును. కుండలీకరణములలో వ్యాఖ్యానమును ఇఱికించుటకును తొలి నియమములు అనుమతించినవి. ఇంతటి విశాలమైన వ్యాకరణమును ఒక్క సూత్రములో బంధింపవలెనని జెఫ్రీ ఫ్రీడ్ల్ తన 1997 నాటి గ్రంథమున చేసిన ప్రయత్నము ఆఱువేల గుర్తులను మించిన ఒకే మాలిక అయ్యెను. చేసి చూపించుటకు అది దివ్యముగా నున్నది, నిత్యవ్యవహారమునకు కాదు. కావున ఫారములు వ్రాయువారు ఎవరికి తోచిన పొట్టి సూత్రమును వారు కట్టుకొనిరి. డొమైను తుదిభాగము రెండు మూడు అక్షరములే యని నమ్మి కట్టిన సూత్రములు, 2001లో డాట్ ఇన్ఫో, డాట్ మ్యూజియం వచ్చినప్పుడు నిర్దోషులను దోషులుగా నిలిపెను. బ్రౌజర్లే స్వయముగా పరీక్షించు ఈ-మెయిలు గడికి హెచ్‌టీఎంఎల్ ప్రమాణకర్తలు ఒక సూత్రమునిచ్చుచు, తాము అసలు నియమావళిని బుద్ధిపూర్వకముగనే ఉల్లంఘించుచున్నామని బాహాటముగా వ్రాసికొనిరి. వారి నిజాయితీని మెచ్చుకొనవలెను. ఇంటిపేరుల పొడియక్షరములకు చుక్కలు పెట్టు అలవాటుగల తెలుగువానికి ఇందువలన విచిత్రమైన అనుభవమొకటి కలుగును. పేరు తుదను ‘డాట్ కే డాట్’ అని ముగించిన చిరునామాను ఆ బ్రౌజరు సూత్రము అంగీకరించును, అసలు నియమావళి త్రోసివేయును.

ఉత్తరము పంపకయే, ఫలానివారు అచ్చట నున్నారా యని గమ్యమును అడుగుటకు 1982 నాటి రవాణా నియమములలోనే వీ-ఆర్-ఎఫ్-వై అను ఆజ్ఞ ఒకటి యుండెను. అది ఊరి మొగదల నిలిచి పోస్టుమాస్టరును విచారించుట వంటిది. మంచివారి లోకమున అది నడచెడిదే. ప్రకటనల ఉత్తరములతో లోకమును ముంచెత్తువారు ఆ ప్రశ్ననే పట్టుకొని నివాసుల జాబితాలు కూర్చుకొనసాగినందున, సర్వర్లు దానికి సూటిగా ఉత్తరమిచ్చుట మానివేసినవి. ఉన్నారనియు లేరనియు చెప్పక, పంపిచూడుము, ప్రయత్నింతుము అనును. ఇక మిగిలినది పంపి చూచుటయే. వాడుకరి లేనిచో 550 అను సంకేతముతో తిరస్కృతి వచ్చును. నాలుగుతో మొదలగు సంకేతము తాత్కాలికమైన ఆటంకమును చెప్పును, పంపినవాడు కొంత తడవు ఆగి మరల పంపవలెను. కవరుమీద పోస్టుమాను వ్రాసెడి ‘అట్టివారు లేరు’, ‘తలుపు తాళము’ అను భేదమునే ఇవి అంకెలలో చెప్పుచున్నవి.

భారతదేశమున విదేశ్ సంచార్ నిగమ్ సామాన్యులకు ఇంటర్నెట్టు సౌకర్యమును ప్రారంభించినది 1995 ఆగస్టు 15న. అప్పటి ప్రధానమంత్రి పాములపర్తి వేంకట నరసింహారావుగారు. 1991 ఉపయెన్నికలో అయిదు లక్షలకు మించిన ఆధిక్యముతో గెలిచి ఆయన లోక్‌సభలో ప్రాతినిధ్యము వహించుచుండినది నంద్యాలకు. తమ సభ్యుని పాలనలో మహానగరములకు వచ్చిన ఆ వసతి నంద్యాలవారి బజారునకు దిగివచ్చుటకు మఱికొన్ని సంవత్సరములు పట్టినది. వచ్చిన పిదప మాత్రము వేగముగా ఊరంతయు అల్లుకొనెను. ఆళ్లగడ్డ శిల్పులు సహితము దూరదేశములనుండి విగ్రహముల కొలతలు, నమూనా చిత్రములు ఫోనులోనే తెప్పించుకొనుచున్నారు.

ఇచట అసలు చిక్కు ఎదురగును. మన సీమలో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు గలవారు వీధికి ఇద్దఱు ముగ్గురుందురు. కావున మెయిలు చిరునామాకు పుట్టిన సంవత్సరమో, ఫోను నంబరు తుదియంకెలో తగిలింతురు. అందొక్క అంకె తాఱుమాఱైనను అది ఆకారమున నిర్దుష్టమైన మఱొక చిరునామా యగును. నంద్యాల చుట్టునున్న నవనందులను దర్శింపబోయిన యాత్రికుడు సోమనందికి బదులు సూర్యనంది యని అడిగిన, చూపువాడు తప్పక దారి చూపును, అది తప్పుడు గుడి యని చెప్పడు. ఫారపు గడియు అంతే. ఆధారు పండ్రెండంకెలలో చివరిది పరీక్షాంకె. వెర్హోఫ్ అను గణితజ్ఞుని పద్ధతిచే లెక్కకట్టబడుటచేత, ఒక్క అంకె తప్పినను, ప్రక్కప్రక్క అంకెలు తాఱుమాఱైనను యంత్రము అక్కడికక్కడే పట్టుకొనును. మెయిలు చిరునామాలో అటువంటి కాపలావాడు లేడు. ‘జీమెయిల్ డాట్ కామ్’ అనుటకు ‘జీమెయిల్ డాట్ కాన్’ అని కొట్టిన, ఆ తుదిభాగము లోకమున లేనిదైనను, పెక్కు ఫారములు పచ్చగుర్తు చూపి సాగనంపును. నిజమైనదానిని త్రోసి, లేనిదానిని రానిచ్చు ద్వారపాలకుని ఏమనవలెను?

తెలుగు లిపి విషయమున ఈ ద్వారపాలకుడు మఱింత కఠినుడు. తెలుగు లిపిలో ‘డాట్ భారత్’ డొమైను 2011లోనే మన దేశమునకు దక్కెను. మెయిలు చిరునామాను ఆసాంతము ఏ లిపిలోనైనను వ్రాయుటకు వలయు నియమములు 2012లో వెలువడినవి. కాని గడులలోని సూత్రములు ‘ఏ’ నుండి ‘జెడ్’ వఱకు తప్ప అక్షరములుండునని ఎఱుగవు. కొందఱు ఉదారులు ప్రపంచములోని ఏ లిపి అక్షరమైనను చెల్లునని సూత్రమును సడలించిరి. అయినను ‘నంద్యాల’ అని వ్రాసినచో అది చెల్లలేదు. ఏలయనగా యూనికోడు పట్టికలో న, ద, య, ల మాత్రమే అక్షరములు. సున్నయు, ద క్రింది పొల్లును, య తగిలించుకొన్న దీర్ఘమును ‘గుర్తులు’ అను వేఱొక వర్గమున చేర్చబడినవి. అక్షరములకు మాత్రమే తలుపు తీయు సూత్రము గుణింతములను బయట నిలిపివేయును. ఆళ్లగడ్డకును అదే గతి. తెలుగు బాలుడు పలకమీద మొదటి యేడు నేర్చు సంగతి, ఆ సూత్రము కట్టిన పండితునకు తెలియలేదు.

ఇన్ని తప్పుదారుల తరువాత శాస్త్రజ్ఞులు చేరినచోటు పాత అక్నాలెడ్జిమెంటు కార్డే. చిరునామా ఇచ్చినవానికి ఒక లేఖ పంపుదురు; అందలి లింకును నొక్కినచో, లేక అంకెలను తెచ్చి గడిలో వేసినచో, ఆ పెట్టె వానిదేనని ఒప్పుకొందురు. దీనికి మించిన పరీక్ష నేటివఱకు లేదు. ఇదియు నిర్దోషము కాదు. తనకు మెయిలు లేని రైతునకు బదులుగా నెట్ సెంటరువాడు తన చిరునామానే అన్ని దరఖాస్తులకును ఇచ్చును, లింకును తానే నొక్కును, ఫారము తృప్తిపడును, తరువాత వచ్చు పిలుపుటుత్తరము ఆ రైతునకు చేరునో లేదో సెంటరువాని దయ. వెనుకటి దినములలో ఫలానివారి మార్ఫత్ అని విలాసమున స్పష్టముగా వ్రాసెడివారు. మధ్యవర్తి యున్నాడని అందఱికిని తెలిసెడిది. నేటి ఫారములో మార్ఫత్‌కు చోటు లేదు.

ఫారములు తయారుచేయు కార్యాలయములవారికి నా విన్నపము ఇది. యాట్ గుర్తు ఉన్నదా, దానికి ఇరువైపుల ఏమైనను ఉన్నదా యని చూచి, అంతటితో గడిని విడిచిపెట్టి, ఒక లేఖ పంపి జవాబునకై వేచియుండుడు. అక్షరదోషమని తోచినచో ‘కామ్ అనబోయి కాన్ అంటిరా?’ అని అడుగుడు గాని కొట్టివేయకుడు. తెలుగున వ్రాసిన చిరునామాను గుణింతములతోకూడ స్వీకరింపుడు. మెయిలు లేనివానికి ఆ గడిని ఖాళీగా వదలు హక్కునిచ్చి, వాని ఇంటికి కార్డు వ్రాయుడు. 518543 అని వేసినచో ఆళ్లగడ్డ పోస్టుమాను దానిని నేటికిని చేర్చుచున్నాడు.